కాక అడగడం నేర్చుకున్న ఊరు

మా కాక పోయారు. మొన్న మంగళవారం పొద్దున, ఫస్టు షిఫ్టు వాళ్లు గనిలోకి దిగిన కాసేపటికి, దవాఖానలో కన్ను మూశారు. ఫోన్ వచ్చేసరికి నేను గోదావరిఖనిలోని మా ట్రావెల్స్ ఆఫీసు తాళం తీస్తున్నాను. తాళం మళ్లీ వేయాలో, లోపలికి వెళ్లాలో తెలియక గడప మీదే కూర్చుండిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, ఇక్కడి గని ఇంజనీరు కూతుర్ని నేను. కాక ఇక్కడి పల్లె మనిషి, ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో బొగ్గు తీసినవారు. రిటైరయ్యాక యాత్రల బస్సు పెట్టి, నన్ను టికెట్ల పనికి పెట్టుకున్నారు. మొదటిరోజు నేను సార్ అని పిలిస్తే, "సారేంది బిడ్డా, నేనేమన్న బడి పంతులునా? కాక అను" అన్నారు. పన్నెండేళ్లుగా కాకే.

సంతాప సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, గని కార్మికులకు ఆయన నాగరికత నేర్పారని చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను. కాక ఎవరికీ నాగరికత నేర్పలేదు. మన వాళ్లకు అది తక్కువైందని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

కాశీ, రామేశ్వరం తిరిగొచ్చిన మా ప్రయాణికులే, "కాకా, విమానం ఎక్కియ్యవా?" అని పోరు పెట్టారు. అలా వియత్నాం యాత్ర మొదలైంది. హనోయిలో చిన్న ట్రావెల్స్ నడిపే ఒకావిడ మాకు భాగస్వామిగా దొరికింది. సంగతి తెలిసి హైదరాబాద్‌లోని ఒక పెద్ద కంపెనీ మేనేజరు సలహా ఇవ్వడానికి వచ్చాడు. బయల్దేరే ముందు మీ వాళ్లకు రెండు రోజులు క్లాసు పెట్టండి, గట్టిగా మాట్లాడొద్దని, పచ్చళ్లు మోసుకురావొద్దని, చేత్తో తినొద్దని చెప్పండి అన్నాడు.

కాక టీ గ్లాసు పక్కన పెట్టారు. "మావోళ్లు మిషన్ల మోతల బతికినోళ్లు సారూ. సగం మందికి చెవులు పోయినయి. గట్టిగ మాట్లాడక ఏం జేస్తరు? చెయ్యి కడుక్కొని చెయ్యితోనే తింటరు. క్లాసు గీసు ఏం లేదు" అన్నారు.

అలాగని కాక తప్పు చెయ్యలేదని కాదు. చేశారు, పెద్దదే.

హనోయిలో మొదటిరోజు మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. గైడు అమ్మాయి, డ్రైవరు మాత్రం హోటల్ వెనక ఉన్న చిన్న గదిలోకి వెళ్లారు. కాక చప్పున లేచి నిలబడ్డారు. చిన్నప్పుడు దొర ఇంటి పెళ్లిలో పశువుల కొట్టం పక్కన విస్తరి వేయించుకుని తిన్న మనిషి ఆయన. ఆ ముద్ద ఇంకా గొంతులోనే ఉందనేవారు.

"పనిజేసేటోళ్లను ఎనక గదిల కూసోబెడ్తరా? నా బస్సుల గట్ల నడువది. చెప్పు ఆ పిల్లకు!" అన్నారు.

నేను ఇంగ్లీషులో చెప్పాను, కానీ కోపం తీసేసి తీయగా చెప్పాను. మీరు మాతో కూర్చుంటే మా పెద్దాయన సంతోషిస్తారు అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. డ్రైవరూ నవ్వాడు. వచ్చి మా మధ్య కూర్చున్నారు. మా ఆడవాళ్లు ఊరుకుంటారా? పప్పు వేశారు, మామిడికాయ పచ్చడి వేశారు, చాలు అంటే ఇంకో గరిటె వేశారు. వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. నాలుగు రోజులు పూటపూటా ఇదే. వాళ్ల నవ్వు చూసి మేం ఎంత మంచివాళ్లమో అని మురిసిపోయాం.

నాలుగో రోజు సాయంత్రం భాగస్వామి ఫోన్ చేసింది. రేపటి నుంచి గైడు రాదు, మా వాళ్లు మీతో తిరగలేమంటున్నారు అంది. రోజు మొత్తంలో వాళ్ల తిండి వాళ్లు తిని, కాళ్లు చాపుకుని, ఎవరికీ నవ్వు చూపించే పని లేకుండా వాళ్ల భాషలో మాట్లాడుకునేది ఆ అరగంటే. అది మీరు లాగేసుకున్నారు అంది. యాత్ర ఇంకా సగం మిగిలి ఉంది.

కాకకు చెప్పాను, మొదటిరోజు ఆయన మాటను నేను తీయగా మార్చిన సంగతితో సహా. హోటల్ మెట్ల మీద కూలబడ్డారు. తర్వాత అన్నారు: "నన్ను కొట్టం కాడ కూసోబెట్టినోడు నన్ను అడుగలే. నేను గీ పిల్లను తెచ్చి నడుమ కూసోబెట్టిన, నేను గూడ అడుగలే. ఏం ఫరకు పడ్డది బిడ్డా?"

మర్నాడు పొద్దున్నే వాళ్ల ఆఫీసుకు వెళ్లాం. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఈసారి మెత్తగ చెయ్యకు" అని నన్ను ముందే హెచ్చరించారు. గైడు అమ్మాయి ఎదుట చేతులు కట్టుకోలేదు, తల దించలేదు. నిలబడి సూటిగా అన్నారు: "తప్పు నాది. నువ్వు యాడ తింటవో నువ్వే చెప్పు."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి మొదటిసారి నవ్వకుండా జవాబిచ్చింది. వెనక గదిలో అంది. కాక సరేనన్నారు. యాత్ర ఆఖరి రోజు ఆ అమ్మాయే తన నూడుల్స్ గిన్నె పట్టుకుని వచ్చి, ఎవరూ పిలవకుండానే కాక పక్కన కూర్చుంది. ఆయన గిన్నె వైపు చూశారు కానీ ఏమీ వడ్డించలేదు. దానికి ఆయన ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

ఆ తర్వాత ఆయన నోట ఒకటే మాట. "మనకు మంచిదనిపిచ్చినా ఒక్కసారి అడగాలె. నోరేం అరుగది." మనల్ని తప్పుపట్టేవాళ్లూ ముందు అడగాలనేవారు. మా వాళ్ల చప్పుడు ఎక్కువైందని ఒక హోటల్ వాళ్లు ఫిర్యాదు చేస్తే, "మా చెవుల సంగతి వాళ్లడిగిన్రా? అడుగుమను, చెప్తం" అన్నారు. వాళ్లు అడిగి తెలుసుకుని, మరుసటి ఏడు మాకు మేడ మీద చివరి గదులు ఇచ్చారు. ఎవరి మాట వాళ్లు మాట్లాడుకున్నారు, ఎవరి నిద్ర వాళ్లు పోయారు.

కాక పోయిన అయిదో రోజు హైదరాబాద్ మేనేజరు పూలదండతో మళ్లీ వచ్చాడు. వచ్చే నెల వెళ్లాల్సిన ఇరవై రెండు మందిని తమకు అప్పగించమన్నాడు. క్లాసు కూడా తామే పెడతారట. "మీరొక్కరు ఆడమనిషి, ఎలా తీసుకెళ్తారు?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. కాక లేకుండా నేను ఒక్క యాత్రకూ వెళ్లలేదు. పాస్‌పోర్టులన్నీ సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాను. రేపు పంపిస్తానన్నాను.

ఆ సాయంత్రమే హనోయి భాగస్వామి నుంచి సందేశం వచ్చింది. మా ఆఫీసులో పెద్దల ఫొటోలు పెట్టుకునే చోట ఆయన ఫొటో పెడుతున్నాం, ముందు ఆయనకు ఇష్టమైనవి పెట్టాలి, ఏమిష్టమో చెప్పండి, మీ పద్ధతిలో ఇది తప్పైతే అదీ చెప్పండి, అడగకుండా చెయ్యం అని రాసింది.

ఏడ్చాను. తర్వాత, ఉడకబెట్టిన పల్లికాయ, ఒక గ్లాసు బీరు అని రాశాను. పోయినవాళ్ల ముందు బీరేమిటే అని మా అమ్మ గొణిగింది. వాళ్లు అడిగింది కాకకు ఇష్టమైనది, మా అమ్మకు నచ్చేది కాదు. ఆ వెంటే ఇంకో ప్రశ్న వచ్చింది: ఈసారి మీ వాళ్లను ఎవరు తీసుకొస్తున్నారు?

నేనే అని రాశాను. మేనేజరుకు ఫోన్ చేసి, మా వాళ్లకు క్లాసు అక్కర్లేదు, నేను తీసుకెళ్తున్నాను అని చెప్పి పెట్టేశాను. పాస్‌పోర్టులు మళ్లీ సొరుగులో పెట్టాను.

నిన్న ఇరవై రెండు మందీ ఆఫీసుకు వచ్చారు. హనోయి వాళ్లు పంపిన ఫొటో చూపించాను. ఫోన్ చేతులు మారుతూ, కాకతో ఒకే షిఫ్టులో పనిచేసిన ఒక పెద్దాయన దగ్గర ఆగింది. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

"ఒక్కటే గ్లాసు పెట్టిన్రా? మావోడు ఒక్కదాంతోని ఏనాడన్న లేసిండా? ఇంకోటి పెట్టుమను" అన్నాడు.

అందరూ నవ్వుతుంటే అదే మాట, మెత్తగా చెయ్యకుండా, రాసి పంపాను. కాసేపటికి ఇంకో ఫొటో వచ్చింది. అగరొత్తుల పొగ వెనక కాక ముఖం, ముందు పల్లికాయల పళ్లెం, నురగ ఇంకా దిగని రెండు గ్లాసులు.