ఉదాహరణగా రాసిన నంబరు

బిలాస్‌పూర్‌లో బొగ్గు లారీల కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. డ్రైవర్లకు ఫోన్ చేసి డ్యూటీకి పిలిచే టూల్‌ని ఏఐ ఏజెంటు ఎలా వాడాలో వివరంగా రాసే పని నాకిచ్చారు. అందులో ఉదాహరణగా నాకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు, నాన్నది, రాశాను. డ్యూటీ కాల్ రాగానే క్యారేజీతో బయల్దేరే రైలింజన్ డ్రైవరు నాన్న; పోయి రెండేళ్లయింది. ఆ ఫోన్‌కి అమ్మ రోజూ ఛార్జింగ్ పెడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"ఒలే, మీ నాన్నకి డ్యూటీ కాల్ వచ్చిందే. గంటలో రమ్మంతన్నారు. ఏటి చెప్పమంతావు?"

వెళ్లి చూస్తే, ఎవరో డ్రైవరు నంబరు జాబితాలో లేకపోవడంతో ఏజెంటు నా ఉదాహరణనే వాడేసింది. వెంటనే అక్కడ సున్నాలు పెట్టేశాను.

సాయంత్రం ఇంటికెళ్తే, గుమ్మం పక్కన నాన్న క్యారేజీ సర్ది ఉంది. ముట్టుకుంటే వేడిగా ఉంది.

"అచ్ఛా, మళ్లీ ఎప్పుడు పిలుస్తారట?" అంది అమ్మ.

నంబరు తీసేశానని ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.