బఠాణీల పళ్ళెం, లేవని నాన్న

నా చిన్నప్పుడు, కుర్చీలోంచి లేవకుండా ఉండటం మా నాన్న నేర్చుకున్నాడు. ఇదేమంత గొప్ప సంగతిలా వినిపించదని నాకు తెలుసు. నాకింకా ముప్పై నిండలేదు కాబట్టి "చిన్నప్పుడు" అని మొదలుపెట్టే వయసూ కాదు. కానీ మా కాలనీ పిల్లలు నన్నప్పుడే ఆంటీ అంటున్నారు. ఆ హక్కు వాడుకుంటున్నాను.

అప్పుడు మేం వర్జీనియాలో, నార్ఫోక్ రేవు దగ్గర ఉండేవాళ్లం. మాకు తెలిసిన తెలుగు నాన్నలందరూ కంప్యూటర్ల ముందు కూర్చుంటే, మా నాన్న మాత్రం టగ్‌బోటులో ఇంజనీరు. పెద్ద పెద్ద ఓడల్ని రేవులోకి తోసుకొచ్చే చిన్న బోటు అది. ఒకరోజు ఇంజను గదిలో నిచ్చెన మెట్టు ఊడి వెల్లకిలా పడ్డాడు. ఆ మెట్టు వదులుగా ఉందని అంతకుముందే రెండుసార్లు రాసిచ్చింది కూడా ఆయనే. నడుం దెబ్బతింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఓడ మీద దెబ్బ తగిలిన మనిషికి కోలుకునేదాకా వైద్యమూ తిండీ ఓడవాళ్లే చూడాలని ఇక్కడి చట్టం. చట్టం ఉంది. కంపెనీ పంపిన ఇన్సూరెన్స్ మనిషి కూడా ఉన్నాడు.

ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నాన్న ఠక్కున లేచి నిలబడ్డాడు. పళ్లు బిగబట్టి నవ్వుతూ, డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ తెచ్చి వేశాడు. "ఐ యామ్ ఫైన్ సర్, కాఫీ?" అన్నాడు. ఆయన కాఫీ తాగి బాగుందన్నాడు. రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. పేషెంటు తనంతట తాను లేచాడు, కుర్చీ మోశాడు, కాబట్టి ఆపరేషన్ అవసరం కనబడటం లేదు. కాఫీ సంగతి అందులో లేదు. ఆయన వెళ్లాక నాన్న రెండు రోజులు మంచం దిగలేదన్న సంగతీ లేదు.

అమ్మ ఏడ్చింది. నాన్న లాయరును పెట్టుకున్నాడు. ఆరు నెలల వీసా మీద వచ్చిన నాయనమ్మ మాత్రం ఆ ఉత్తరం నాచేత తెలుగులో చెప్పించుకుంది. ఇంటికి ఎవరొచ్చినా లేచి నిలబడాలని నాన్నకు నేర్పింది ఆవిడే. కాకినాడలో టీచరమ్మ కదా, స్కేలుతో నేర్పింది.

"నేను నేర్పిందే వీడి నడుం విరిచింది" అంది.

విరిచింది నిచ్చెన అని నేను సరిచేశాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

లాయరమ్మ గట్టిగా అడిగితే ఆ మనిషి మళ్లీ వచ్చి చూస్తానన్నాడు. ఆ ఉదయం నాయనమ్మ నాన్న పక్కన ఓ సంచెడు బఠాణీ కాయలు కుమ్మరించి, ఒళ్లో పెద్ద పళ్ళెం పెట్టి, ఒలవమంది.

"ఇప్పుడెందుకమ్మా, వాళ్లొచ్చే వేళకి?"

"అందుకే. లేచావంటే గింజలన్నీ నేలపాలు. తిండి పారబోస్తావా?"

"నాకీ నాటకాలు చేతకావమ్మా."

"ఆడమనట్లేదురా. మొన్న బాగున్నానని ఆడావు చూడు, అది ఆపమంటున్నా."

బెల్ మోగింది. నాన్న చేతులు రెండూ వాటంతటవే కుర్చీ చేతుల మీదికి వెళ్లాయి. పళ్ళెం ఒరిగి నాలుగు గింజలు దొర్లాయి. నాన్న వాటిని చూశాడు, నాయనమ్మను చూశాడు, చేతులు వెనక్కి తీసుకుని ఇంకో కాయ విప్పాడు. సినిమాలో అయితే ఇక్కడ మ్యూజిక్ వచ్చేది. మా ఇంట్లో డిష్‌వాషర్ గురకపెడుతోంది.

లాయరమ్మతో లోపలికి వచ్చిన ఇన్సూరెన్స్ మనిషికి ఈసారి ఎవరూ కుర్చీ వెయ్యలేదు. నిలబడే, ఒకసారి లేచి నడిచి చూపించమని నాన్నను అడిగాడు. నాయనమ్మ నావైపు తిరిగింది.

"లేస్తాడని చెప్పవే. ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోమను. పోయినసారి మర్చిపోయాడు."

ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. తొమ్మిదేళ్ల పిల్ల చెప్పినందుకో ఏమో, ఆయన నిజంగానే వాచీ చూసుకున్నాడు. లాయరమ్మ కూడా చూసుకుంది.

నాయనమ్మ పళ్ళెం తీసింది. నాన్న నవ్వకుండా లేచాడు. ఆ నవ్వు తీసేస్తే నాన్న లేవడం ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి. ముందు కుర్చీ చెయ్యి, తర్వాత టేబుల్ అంచు, మధ్యలో ఆగి ఊపిరి, తర్వాత గోడ. మూడు నిమిషాలు పట్టింది. పట్టుకుందామని అమ్మ ముందుకు వెళ్తే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిలో పళ్ళెం ఉంది. గింజలు గలగలమంటున్నాయి.

నెల తిరక్కుండా ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ ఉత్తరం వచ్చింది. ఊడిన మెట్టు మీద కేసు ఇంకో రెండేళ్లు నడిచింది. అదీ గెలిచాం.

నాయనమ్మ ఇండియా వెళ్లే రోజు పెట్టె లాక్కుంటూ హాల్లోకి వచ్చింది. ఆపరేషనై కోలుకుంటున్న నాన్న, నేర్చుకున్న పాఠం బుద్ధిగా పాటిస్తూ కుర్చీలోనే ఉన్నాడు.

"ఏరా, నాకు కూడా లేవవా? మెల్లిగా లే" అంది.

ఆవిడ భుజం పట్టుకుని లేచాడు.

ఇప్పటికీ ఎవరైనా "హౌ ఆర్ యూ" అంటే, నొప్పి ఉన్న రోజు నొప్పి ఉందనే చెబుతాను. అడిగినవాళ్లు కాస్త ఇబ్బంది పడతారు. పడనీ. కావాలంటే రాసుకోమంటాను.