అర అంగుళం పెంచిన బేస్ గిటార్

2023 ఫిబ్రవరి. తాడేపల్లిగూడెంలో మా వడ్రంగి షాపు. ద్వారబంధాలు చేయడంలో ఏలూరు నుంచి అత్తిలి దాకా నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఈ విషయంలో ఇంకెవరి అభిప్రాయమూ అడగలేదు. నేను బిగించిన తలుపు వేస్తే లోపలి గాలికీ బయటి గాలికీ చుట్టరికం తెగిపోవాల్సిందే.

అలాంటి షాపుకి కొల్లేటి పక్క ఊరి నుంచి సుందరరావు మాస్టారు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, వాళ్ళ చర్చిలో ముప్ఫై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్న మనిషి. చేతిలో దుప్పటంత కాగితం, దాని మీద అసలు సైజులో గీసిన బేస్ గిటార్. మామూలు గిటార్ కన్నా పొడవుగా, నాలుగే లావుపాటి తీగలతో, లోతైన శబ్దం చేసే కరెంటు గిటార్ అది. తీగలూ, వాటి శబ్దాన్ని పట్టే పికప్పూ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. చెక్క పని నాది.

ఎందుకని అడిగితే చెప్పారు. చెవులు మందగించాయి. సన్నటి స్వరాలు అసలు వినపడవు. లోతైనవి ఇంకా తెలుస్తాయి, చెక్క ఒంటికి ఆనితే మరీ బాగా. క్రిస్మస్‌కి పాట అయిపోయిన సంగతి తెలియక హార్మోనియం వాయిస్తూనే ఉండిపోయారట. చర్చంతా తలతిప్పి చూసింది.

"హార్మోనియం మాన్పించి, మొదటి వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారండీ, ఎంతో గౌరవంగా," అన్నారు. "ఆ గౌరవమే భరించలేకపోతున్నానండీ."

ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ఒక్క అవకాశం ఇమ్మని సంఘపెద్దలను బతిమాలుకున్నారు. ఆ రోజు తేడా వస్తే ఇంకెప్పుడూ అడగనని మాట కూడా ఇచ్చేశారు.

వీణలు చేసే పనస చెక్కతో ఒళ్ళు, పాత టేకు దూలంతో నెక్, అంటే పొడుగాటి మెడ, చేశాను. ఒంటికి పైన పొడుచుకొచ్చే కొమ్ముని ఆయన ఛాతీకి ఆనేలా పొడుగ్గా తీశాను. పదిహేడు పూతల పాలిష్ వేశాను. దాని మీద వాలిన ఈగ జారిపడి, కాసేపు తన మొహం చూసుకుని వెళ్ళేది.

ఇక నా ఘనకార్యం. తీగ మోగే పొడవు ముప్ఫై నాలుగు అంగుళాలని కాగితంలో ఉంది. నాకు ఏ కొలత కనపడినా ఆయం చూడకపోతే అన్నం సయించదు. ఆయం అంటే గుమ్మం కొలత శుభమో కాదో తేల్చే లెక్క. పొడవూ వెడల్పూ పెట్టి వేస్తే ఖరాయం వచ్చింది. ఖరం అంటే గాడిద. పాటలు పలికే వస్తువుకి గాడిద ఆయమా అని హడలిపోయి, అర అంగుళం పెంచి, అన్నిట్లోకీ శుభమైన ధ్వజాయం చేశాను. స్వరాల చోట్లు చెప్పే ఫ్రెట్లు, అంటే నెక్ మీది అడ్డ కమ్మీలు, అప్పటికే కాగితం ప్రకారం కొట్టేశాను కాబట్టి, తీగ చివర ఆనే బ్రిడ్జిని వెనక్కి జరిపాను. ఎవరికీ చెప్పలేదు.

మట్టల ఆదివారానికి మూడు రోజుల ముందు మాస్టారు వచ్చి వాయించి చూశారు. కాసేపటికి మొహం మారింది. తీగల నాణ్యత, గూడెం కరెంటు, కొల్లేటి తేమ అంటూ ఒక్కొక్కదాని మీదా నేరం మోపుకుంటూ వెళ్ళాను. అవేవీ ఆయనకి వినపడలేదు. గడ్డం చెక్కకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్కో ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటారు.

"పైకి వెళ్ళేకొద్దీ స్వరం కిందికి జారుతోంది. కొలత ఎక్కడో సాగిందండీ, ఆచారిగారూ."

షాపులో అందరి చెవులూ బాగానే ఉన్నాయి. అది పట్టుకున్నది ఆయనొక్కరే. పెన్సిల్ తీసి చెక్క ముక్క మీద రాసిచ్చాను: 'అర అంగుళం నేనే పెంచాను. గాడిద ఆయం వచ్చిందని.'

రెండుసార్లు చదువుకున్నారు. తిడతారనుకున్నాను.

"గాడిదకేమండీ? మట్టల ఆదివారం నాడు మా ప్రభువు ఎక్కి ఊరేగింది దాని మీదే కదండీ," అన్నారు.

బ్రిడ్జి ఊడదీసి, పాత బెజ్జాలు పనస పొడీ జిగురూ కలిపి పూడ్చి, అర అంగుళం ముందుకి బిగించాను. పదిహేడు పూతల మధ్య తెల్లమచ్చ మిగిలింది. మళ్ళీ పాలిష్ చేసే టైము లేదు. మచ్చతోనే పట్టుకెళ్ళారు.

ఆదివారం నేనూ వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. చేతుల్లో తాటి మట్టలు పట్టుకుని అందరూ పాడుతున్నారు. మాస్టారు కొమ్ముని ఛాతీకి అదుముకుని, డ్రమ్ము దెబ్బ వెంట వెళ్తున్నారు. ఆయన కన్నా నాకే ఎక్కువ చెమట పట్టింది. పాట ఆగింది. ఆయన అరచెయ్యి అదే క్షణంలో తీగల మీద వాలి మోత ఆపేసింది.

అంతమందిలో ఒక్కరూ ఆయనవైపు తలతిప్పి చూడలేదు. పాస్టర్‌గారు ప్రార్థన మొదలుపెట్టేశారు.

అంతవరకూ నేను చేసిన ప్రతి గుమ్మం దారినపోయేవాళ్ళు ఆగి చూడాలనే చేశాను. ఎవరూ చూడకపోవడమే మెచ్చుకోలయ్యే పని కూడా ఒకటుందని ఆ వేళే తెలిసింది నాకు.