రంగు పట్టని చోట

ఆత్మకూరులో బట్టల కొట్టు నాది. బేరమాడకుండా ఏదీ కొన్న పాపాన పోలేదు. జ్వరం మాత్రల దగ్గర కూడా నోరు ఊరుకోదు. అలాంటి నన్ను నమ్మి మా అక్క తన మెడలోని గడ్డ సంగతి తేల్చుకు రమ్మంది.

అక్క ఉదయగిరిలో చెక్క గరిటెలు అమ్ముతుంది. మెడ పక్కన లేచిన గడ్డను కొంగుతో కప్పుకుని గిరాకీ చూసుకునేది. చివరికి ఆత్మకూరు డాక్టరు దాన్ని కోసి తీసి నెల్లూరు ల్యాబుకు పంపాడు. క్యాన్సరు కావచ్చు, ఒట్టి వాపూ కావచ్చు, మామూలుగా చూస్తే తెలియడం లేదు, యాంటీబాడీలు వేసి చూడాలని అక్కడినుంచి కబురు.

"పొయ్యి కనుక్కో రా. ఆడ మాత్రం బేరాలాడబాక," అంది అక్క.

ల్యాబు డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. రోగాలతో పోరాడే కణాలు చాలా రకాలట. పైకి అన్నీ ఒకేలా ఉన్నా, ఒక్కో రకం మీద ఒక్కో గుర్తు ఉంటుందట. ఒక్కో యాంటీబాడీ ఒక్కో గుర్తుకే అంటుకుంటుంది. అంటుకున్న చోట గోధుమరంగు తేలుతుంది, అంటని చోట నీలంగా ఉండిపోతుంది. వెయ్యాల్సిన యాంటీబాడీల పట్టీ, ఒక్కోదాని ధరతో సహా నా ముందు పెట్టింది.

"ఇన్ని రకాలెందుకు మేడం? ఆ చివరిది వదిలెయ్యండి, ఉన్నవాటితో సర్దుకుందాం."

"చివరిదే అసలుదండీ. అది వద్దంటే మిగతావీ దండగే."

అంత గట్టి మనిషిని మా బజారులో చూడలేదు. తలూపి వచ్చేశాను.

రిపోర్టు రోజున, సరుకు చూడనిదే తీసుకోనన్నాను. ఆమె నవ్వి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. మొదటి గాజుపలక మీద గోధుమరంగు గుంపులు బుటా చీరలా ముద్దుగా ఉన్నాయి. చివరిది చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. చుట్టూ గోధుమరంగే గానీ, గుంపుల నడుమ వెలిసిన నీలంలో గుండ్రటి చిల్లులు! పురుగు కొట్టిన శాలువా.

"ఇదేంది మేడం, రంగు పట్టలేదే! మళ్లీ వెయ్యండి. ఇట్టాంటిది నేను అమ్మితే మొహాన కొడతారు."

ఆమె పలకను పక్కకు జరిపింది. దాని చివర ఇంకో ముక్క ఉంది, అచ్చం అలాంటి చిల్లులతోనే.

"ఇది జబ్బు లేని టాన్సిల్ ముక్క. రంగు సరిగా పట్టిందో లేదో చూసుకోడానికి పక్కనే పెడతాం. మీ అక్కదీ ఇలాగే ఉంది కదా? మేం అనుమానించిన క్యాన్సరైతే ఈ చిల్లుల్లో కూడా రంగు పట్టేది. మిగతా పలకలూ అదే చెబుతున్నాయి. ఒట్టి వాపే."

కొత్త తాను వస్తే పాత ముక్క పక్కన పెట్టి రంగు చూసేవాణ్ణి నేనే. ఆ తెలివి ఆ పూట ఎటు పోయిందో!

"ఖాయమేనా మేడం? తర్వాత మాట మార్చరుగా?"

"రాసే ఇస్తున్నాను, తీసుకోండి."

ఉదయగిరి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి అక్క ఒకావిడతో గరిటె బేరంలో ఉంది. నన్ను చూడగానే అక్క చేయి మెడ మీదికి పోయింది.

"ఏమీ లేదక్కా. ఒట్టి వాపే," అన్నాను. చిల్లుల కథ, వాటిని బాగుచెయ్యమని నేను పెట్టిన గొడవ, అన్నీ చెప్పాను.

అక్క పీట లాక్కుని కూర్చుంది.

"మంచి సరుకును పాడైందని తిప్పిపంపబోయినావా? నీకు బట్టలకొట్టు ఎవురు పెట్టిచ్చినార్రా!" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత గరిటె పట్టుకుని నిలబడ్డ ఆవిడ వైపు తిరిగి, "నువ్వడిగినంతకే తీసుకుపోమ్మా," అంది.

ఆ మాట మా అక్క నోట వినడం నాకదే మొదలు.