ఏమోగారి ప్రమాణం

మా బావ ఏ విషయమూ ఖాయంగా చెప్పడు. ఆయన నోట ‘అవును’ అన్న మాట గానీ ‘కాదు’ అన్న మాట గానీ విన్నవాళ్లు మా వైపు చుట్టాల్లో ఎవరూ లేరు. నిలువునా తడిసి ఇంటికొచ్చినప్పుడు “బయట వానా?” అని అడిగితే, చొక్కా పిండుకుంటూ “పడుతున్నట్టే ఉంది” అంటాడు. “భోజనం చేశావా?” అంటే “చేశాననే అనుకుంటున్నా” అంటాడు. ఇవాళ ఏ వారమని అడిగితే గోడ మీది క్యాలెండరు వైపు చూసి, “గురువారమని వేశారు” అంటాడు, వేసినవాళ్లతో తనకేమీ సంబంధం లేనట్టు. అసలు పేరు ఏనాడో మరుగున పడిపోయి, అందరికీ ఏమోగారు అయిపోయాడు.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం బస్టాండులో విచారణ కిటికీ దగ్గర. ఆ కిటికీ ముందు నేను నిలబడి విన్న సంభాషణ ఇది.

“తొమ్మిది గంటల బస్సు ఎన్నింటికండీ?”

“తొమ్మిదింటికని బోర్డు మీద రాశారండీ.”

“అంటే వస్తుందా, రాదా?”

“రాసినాయన బస్సు నడపడు కదండీ.”

ఆ ప్రయాణికుడు నా వైపు తిరిగి, “వీళ్లకి జీతాలిచ్చేది ఎవరండీ?” అన్నాడు. ఆయన మా బావ అని చెప్పుకోలేక నేను ఫ్యాను వైపు చూశాను. ఫిర్యాదులు ఎక్కువయ్యాక మేనేజరు ఆయన్ని పోయిన సామాన్ల గదికి మార్చాడు. అక్కడా అంతే. “ఈ గొడుగు నాదండీ” అని ఎవరైనా వస్తే, “మీదానిలాగే ఉంది. మీరూ గొడుగు పోగొట్టుకున్న మనిషిలాగే ఉన్నారు. తీసుకెళ్లండి” అనేవాడు.

మా అక్కతో సంబంధం కుదిరేటప్పుడు అమ్మాయి నచ్చిందా అని మా నాన్న అడిగితే, “నచ్చకపోవడానికి ఏమీ కనబడలేదండీ” అన్నాడు. కాపురానికి వెళ్లిన అక్క ఆ ధోరణికి మొదట్లో కోప్పడింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత ముచ్చటపడింది. “నేనంటే ఇష్టమేనా అని అడిగాన్రా. ఉన్నట్టే ఉంది అన్నాడు” అని చెప్పి పడీ పడీ నవ్వేది. అలా నవ్వే అక్క రెండేళ్ల కిందట జబ్బుపడి పోయింది. ఆస్పత్రిలో చివరి రోజుల్లో “నాకు తగ్గుతుందా?” అని అడిగితే, ఈయన ఆవిడ చెయ్యి పట్టుకుని “చూద్దాం” అన్నాడు. తగ్గుతుందని ఒక్క అబద్ధం ఆడితే ఈయన సొమ్మేం పోయేది? ఆ కోపంతో చాలాకాలం ఆ ఇంటి గడప తొక్కలేదు.

మళ్లీ తొక్కించింది ఆయన మేనకోడలు. ఆ పిల్ల పుట్టినప్పుడే తల్లి, అంటే బావ చెల్లెలు, పురిట్లో పోయింది. తండ్రి ఏడాది తిరక్కుండా పని వెతుక్కుంటానని వేరే ఊరు వెళ్లి మళ్లీ రాలేదు. అప్పటికింకా పెళ్లికాని మా బావే ఒంటిచేత్తో పిల్లను పెంచాడు. మా అక్క ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి దానికి ఏడేళ్లు. “మామయ్యా, నాన్న ఎక్కడున్నాడు?” అంటే “ఏమో” అనేవాడు. “వస్తాడా?” అంటే “ఏమో” అనేవాడు. కళ్లెదుట పడే వానకే పూచీపడని మనిషి, ఎక్కడో ఉన్న తండ్రికి పూచీపడతాడా అని మేమెవరమూ పట్టించుకోలేదు.

ఆ పిల్ల పెద్దదై, కట్టుడు పళ్లు తయారుచేసే పని నేర్చుకుని, పరాయి దేశంలో ఉద్యోగం సంపాదించింది. అక్కడొకరోజు లిఫ్టులో ఇరుక్కుపోయింది. బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు తలుపు అవతల నుంచి గంటసేపు కబుర్లు చెబుతూ ధైర్యం చెప్పాడట. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరి మనసులూ కలిసిపోయాయి. “అబ్బాయి మంచివాడేనా?” అని నేను ఫోన్లో అడిగాను.

“మంచివాడే బాబాయ్. మామయ్యని మాత్రం అడక్కు, ప్రాణం విసిగిపోతుంది” అంది.

ప్రేమించడానికి గంట పట్టింది గానీ ఆ దేశంలో పెళ్లాడటానికి ఏడాది పట్టింది. పరాయి దేశపు పిల్ల తనకు ఇంతకుముందు పెళ్లి కాలేదని సొంత దేశం నుంచి కాగితం తెచ్చుకోవాలట. దానికోసం నేను సైకిలు షాపు మూసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను.

“పెళ్లయితే అయిందని రాసిస్తామండీ. కానిదాన్ని కాలేదని ఎలా రాసిస్తాం? మా దగ్గర అయినవాళ్ల పేర్లే ఉంటాయి” అన్నాడు గుమస్తా.

“ఆ పేర్లలో ఈ పిల్ల పేరు లేదని రాయండి.”

“లేని పేరు ఏ పేజీలో వెతకమంటారు?”

ఎలాగో కాగితం చేతికొచ్చింది. దాని మీద ఒక ముద్ర, ఆ ముద్ర అసలుదేనని ఇంకో ముద్ర, రెండో ముద్ర వేసినాయనకు ఆ అధికారం ఉందని మూడో ముద్ర. ఇంతా చేస్తే అది మూడు నెలలే చెల్లుతుందట. ఆ తర్వాత పెళ్లికాని పిల్ల పాతబడి ఏమైపోతుందో వాళ్లు రాయలేదు. వీటన్నిటి పైన ఇంకో షరతు పెట్టారు. పెళ్లికూతురి దగ్గరి పెద్ద ఒకరు స్వయంగా అధికారి ఎదుట కూర్చుని, ఆమె గురించి అడిగినవాటికి ప్రమాణం చేసి అవుననో కాదనో చెప్పాలి. ఆ పిల్లకు మిగిలిన పెద్దదిక్కు మా బావ ఒక్కడే. ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. తోడుగా నేనూ బయల్దేరాను.

విమానం దిగగానే మొదలైంది. పాస్‌పోర్టు చూసే ఆమె ఫోటోను, ఆయన మొహాన్ని మార్చి మార్చి చూసి, మా భాష వచ్చిన మనిషిని పిలిపించి “ఇది మీరేనా?” అని అడిగించింది. “పోలికలైతే ఉన్నాయండీ” అన్నాడు. మమ్మల్ని పక్కగదిలో కూర్చోబెట్టారు.

అది ఎండ మొహం చూడని ఊరు. మేం దిగిన దగ్గర్నుంచీ సన్నటి వాన పడుతూనే ఉంది. పెళ్లిళ్లు నమోదుచేసే ఆఫీసు గోడలు చెమ్మెక్కి, రంగు పెచ్చులూడి ఉన్నాయి. పుట్టుకలకీ చావులకీ పెళ్లిళ్లకీ ఒకటే హాలు, ఒకటే వరుస. మా ముందున్న ముసలాయన భార్య పోయిందని రాయించుకోవడానికి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన్ని చూస్తే నాకు అక్క గుర్తొచ్చి మనసు పాడైపోయింది. బావ కూడా ఆయన వైపే చూస్తున్నాడు. పెళ్లివాళ్లమన్న కళ మాలో ఒక్కరి మొహంలోనూ లేదు. అధికారి మాకిచ్చిన తేదీయే ఆ మూడు నెలల కాగితం గడువుకి ఆఖరి రోజు. ఇవాళ పని కాకపోతే మళ్లీ మొదటి ముద్ర నుంచి రావాలి. ఆ పిల్ల అక్కడ ఉండటానికిచ్చిన అనుమతి ఈలోపే తీరిపోతుంది. లిఫ్టు కుర్రాడు ఆ దేశంలో, ఇది మన దేశంలో మిగిలిపోతారు.

అధికారి పక్కన దుబాసీ ఆవిడ కూర్చుంది, స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని. “గదిలో ఎవరేం మాట్లాడినా ఆయనకి చెప్పడం నా డ్యూటీ. దగ్గితే దగ్గారని కూడా చెప్తాను” అని ముందే హెచ్చరించింది.

“ఈ అమ్మాయి మీకు మేనకోడలేనా?”

“అలాగే పెరిగిందండీ.”

ఆవిడ చెప్పింది. అధికారి కలం ఆగిపోయింది.

“అవునో కాదో చెప్పమంటున్నారు.”

“కాదనడానికైతే లేదండీ.”

“ఈమెకి ఇంతకుముందు పెళ్లయిందా?”

“అయినట్టు నా దృష్టికి రాలేదు.”

“మీకు తెలియకుండా అయ్యుండొచ్చంటారా?”

బావ చాలాసేపు ఆలోచించి, “ప్రపంచం పెద్దది కదండీ” అన్నాడు.

ఆ మాట తన భాషలో వినేసరికి పెళ్లికొడుకు మొహం పాలిపోయింది. అధికారి కలానికి మూత పెట్టేశాడు. భోజనాల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, అప్పుడూ ఇదే వరస అయితే ఫైలు మూసేస్తాననీ చెప్పించాడు. మేనకోడలు ఆ కుర్రాణ్ని ఓదార్చడానికి బయటికి తీసుకెళ్లింది. నేను బావను మెట్ల దగ్గరికి లాక్కెళ్లాను.

“బావా, ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. అక్క పోయేటప్పుడు కూడా నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల బతుకు నీ మాట మీద ఉంది. దానికి పెళ్లికాలేదని ఒక్క ముక్క చెప్పలేవా?”

“చెప్పగలను.”

నేను ఉలిక్కిపడ్డాను. అంత గట్టి మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

“మరి చెప్పవేం?”

“ముందే మన భాషలో ఇచ్చిన ప్రశ్నల కాగితంలో తర్వాతిది చూశావా? తండ్రి ఉన్నాడా, పోయాడా అని ఉంది. మిగతావాటికి గట్టిగా చెప్పి దానికొక్కదానికే ఏమో అంటే పిల్ల పట్టేస్తుంది.”

“పట్టేయడానికి ఏముంది? ఉన్నాడో లేడో నీకే తెలీదుగా.”

బావ మెట్టు మీద కూర్చున్నాడు. “ఉన్నాడు” అన్నాడు. “దానికి ఆరేళ్లప్పుడు వెతుక్కుంటూ వెళ్లాను. వేరే సంసారం పెట్టుకున్నాడు. ఆ పిల్ల మాట నా దగ్గర ఎత్తొద్దని గుమ్మంలోనే చెప్పి తలుపేసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి ఇది ఎదురొచ్చి, నాన్న కనబడ్డాడా అంది. ఏమో అన్నాను. నా మొహంలోకి చూసి, అన్నీ తెలుసంటావు, ఇదొక్కటే ఏమో అంటావేం అంది. నాకు భయమేసింది. మర్నాటి నుంచి అన్నిటికీ ఏమో అనడం మొదలెట్టాను, వాటిలో ఇదీ కలిసిపోతుందని.”

“అక్కకీ చెప్పలేదా?”

“మీ అక్కకి కడుపులో మాట దాగదు కదా. ఇక తర్వాత్తర్వాత అదే అలవాటైపోయింది. ఆస్పత్రిలో ఆవిడ అడిగినప్పుడు, తగ్గుతుందని అందామనే అనుకున్నాను. నోరు తిరగలేదు.”

ఈయన్ని ఎంతమంది ఎన్ని రకాలుగా వెక్కిరించామో తలుచుకుంటే అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. ఈలోపు లోపలికి పిలిచారు.

అధికారి వదిలేసిన చోటి నుంచే మొదలుపెట్టాడు. “పెళ్లికూతురి తండ్రి జీవించి ఉన్నాడా?”

బావ మేనకోడలి వైపు చూశాడు. అధికారి ఫైలు మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఆ పిల్లే మా భాషలో నెమ్మదిగా అంది.

“ఉన్నాడని చెప్పు మామయ్యా.”

బావ బిత్తరపోయాడు.

“కాలేజీలో ఉండగా అడ్రసు పట్టుకుని వెళ్లాను. తలుపు తీసి, ఎవరు కావాలమ్మా అన్నాడు. ఇల్లు పొరబడ్డానని చెప్పి వచ్చేశాను.”

“మరి నాకు చెప్పలేదేం?”

“ఎలా చెప్పను? నువ్వు గడియారం చూసి కూడా టైమెంతో తెలీదనేది నాకోసమేనని అప్పుడే అర్థమైంది. నాకు తెలిసిపోయిందంటే, ఇన్నేళ్లు పడ్డ పాట్లు వృథా అయ్యాయని బాధపడతావని ఊరుకున్నాను. అనుమానం రాకుండా, నాన్న వస్తాడా అని అప్పుడప్పుడూ అడుగుతూనే ఉన్నాను కూడా.”

ఏమంటున్నారని అధికారి అడిగినట్టున్నాడు. దుబాసీ ఆవిడ స్వెట్టరు చేతికి ముక్కు తుడుచుకుని రెండు ముక్కల్లో ఏదో చెప్పింది. ఏం చెప్పారని నేను అడిగితే, “ఇంటి విషయం అన్నాను” అంది.

“ఉన్నాడు” అన్నాడు బావ. చిరునామా అడిగితే ఇంటి నంబరుతో సహా చెప్పాడు. ఈ అమ్మాయి మీ మేనకోడలేనా అంటే అవునన్నాడు. ఇంతకుముందు పెళ్లయిందా అంటే కాలేదన్నాడు. ఈ పెళ్లికి ఏదైనా అడ్డంకి ఉందా అంటే లేదన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా కట్టేసిన నోరు ఒక్కసారి తెరుచుకుంటే ఆగుతుందా? అధికారి సంతకం చేసి మూత పెట్టబోతుంటే అడ్డం పడ్డాడు.

“ఉండమనండి. అబ్బాయి మంచివాడు. వీళ్లిద్దరూ సుఖంగా ఉంటారు. అది కూడా రాయమనండి.”

“అది అడగలేదండీ” అంది దుబాసీ ఆవిడ.

“అడక్కపోయినా ప్రమాణం చేసి చెప్తున్నాను. మీ డ్యూటీ మీరు చెయ్యండి.”

ఆవిడ చెప్పింది. జరగబోయేదాని గురించి ఎవరూ ఖాయంగా చెప్పలేరని, అలాంటి ప్రమాణం చెల్లదని అధికారి జవాబు.

“నేను చెప్పగలను. పక్కన ఖాళీ ఉందిగా, అక్కడ రాయమనండి.”

బావ కుర్చీలోంచి లేవలేదు. బయట వరుసలో జనం తలుపు కొడుతున్నారు. మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. పెళ్లికొడుకు ఏం జరుగుతోందో తెలుసుకుని చెవులదాకా ఎర్రబడ్డాడు. చివరికి అధికారి కాగితం అంచున చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాశాడు. ఏం రాశారో చదవమన్నాడు బావ.

దుబాసీ ఆవిడ వంగి చదివింది. “‘వీళ్లు సుఖంగా ఉంటారని మేనమామ అనుకుంటున్నారు’ అని రాశారండీ.”

“అనుకోవడం కాదు, ఉంటారు” అన్నాడు బావ. “ఆ మాట కొట్టేయమనండి.”

అధికారి నిట్టూర్చి, కలం మూత మళ్లీ తీశాడు.