గోవిందు కొడుకు సాక్ష్యం

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, వానలు మొదలుకాకముందు, మా సంస్థ నన్ను పుదుచ్చేరి శిక్షణ కేంద్రానికి బాధ్యురాలిగా వేసింది. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. కేంద్రం అంటే పెద్ద భవనమేదో ఊహించుకోకండి. లాస్‌పేటలో ఒక అద్దె ఇంటి పైఅంతస్తు, పడక గదులు, ఒక హాలు, ఒక నల్లబల్ల. పక్కనే ఉన్న విమానాశ్రయంలో విమానం దిగేటప్పుడు ఆ మోతకు పాఠం ఆపాల్సి వచ్చేది. విదేశాలకు వెళ్లబోయే పిల్లలు కిటికీ దగ్గరికి పరుగెత్తేవారు. నేను కళ్లెర్రజేసేదాన్ని.

విదేశాల్లో క్రైస్తవ యువజన సేవకు వెళ్లేవాళ్లను తయారుచేయడం మా పని. బైబిలు చంకన పెట్టుకుని విమానం ఎక్కితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ముందు అభ్యర్థిని అతని సొంత చర్చి సంఘం సిఫారసు చేయాలి. దాన్ని పంపే సంఘం అంటాం. ఖర్చులో కొంత భాగం, ప్రార్థన మొత్తం వాళ్లది. అక్కడి సంఘం నుంచి ఆహ్వానం రావాలి. ఆపైన వైద్య పరీక్షలు, పోలీసు విచారణ, భాష. ఏ పిల్లతోనూ, ఏ పిల్లవాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. తర్వాత పిళ్ళైచావడిలో జాలర్ల పిల్లల మధ్య కొన్ని వారాల అభ్యాసం, అభ్యర్థి ఇంటికి నా సందర్శన, చివర్లో ఎంపిక సంఘం ముందు హాజరు. నా సంతకం లేనిదే ఎవరూ ఆ ఎంపిక సంఘం దాకా పోలేరు. పిల్లలు నన్ను ఎదురుగా మేడమ్ అని, వెనక హెడ్మాస్టర్ అని పిలిచేవారు. రెండూ నాకు సమ్మతమే.

ఆ ఏడాది వచ్చినవాళ్లలో జి. డేనియల్ ఒకడు. తట్టాంచావడి పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఆదివారాలు తన సంఘంలో యువకుల కూటం నడిపేవాడు. వాళ్లది తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫ్యాక్టరీలో అంతో ఇంతో ఇంగ్లీషు. మడగాస్కర్‌లో ఒక రేవు పట్టణంలోని సంఘం అతన్ని రెండేళ్లకు అడిగింది. అక్కడ ఫ్రెంచి పనికొస్తుంది కాబట్టి పుదుచ్చేరి కుర్రాడంటే వాళ్లకు మోజు. నిజానికి డేనియల్‌కు ఫ్రెంచిలో 'బోంజూర్' తప్ప ఏమీ రాదు. అదీ వీధుల పేర్లు చదివి నేర్చుకున్నట్టు పలికేవాడు. మొదటి నెలంతా ఆ ముక్కు పలుకులతోనే గడిచింది.

అతని కాగితాలు సరిచూస్తున్నప్పుడు ఒక విషయం చెప్పాను. ఇక్కడ పేరు ముందున్న ఇనీషియల్ తండ్రి పేరుకు గుర్తు. పాస్‌పోర్టులో ఆ అక్షరాన్ని విప్పి రాశారు కాబట్టి తండ్రి పేరు అతనికి ఇంటిపేరు అయిపోయింది. ఆ దేశంలో దిగాక ఆఫీసుల్లో అందరూ నిన్ను మిస్టర్ గోవిందు అనే పిలుస్తారు, ఎవరినో పిలుస్తున్నారని దిక్కులు చూడకు అన్నాను. అతను నవ్వి, "మా నాయన ఫ్రీగా ఫారిన్ పోతాడన్నమాట" అన్నాడు.

ఇక సాక్ష్యం. మా సంఘాల్లో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తన జీవితంలో ఏం చేశాడో లేచి నిలబడి చెప్పడం. విదేశాలకు వెళ్లేవాడికి ఇది పనిముట్టు లాంటిది. కొత్తచోట ముందు అడిగేది అదే. పక్కన తర్జుమా చేసే మనిషి ఉంటాడు కాబట్టి చిన్న వాక్యాల్లో, ఆగి ఆగి చెప్పడం నేర్పాలి. చాలామందికి చెప్పుకోదగ్గ సాక్ష్యం లేదని దిగులు. డేనియల్‌కు ఆ దిగులు లేదు. అతని సాక్ష్యం యువజన శిబిరాల్లో పేరుమోసింది. తండ్రి తాగుబోతు, మిల్లులో వచ్చిన జీతమంతా సారాయి కొట్టుకే. కొడుకు బడికి వెళ్లే సైకిల్ని కూడా తాగుడు కోసం అమ్మేశాడు. ఆ పిల్లవాడు ఎండలో నడుస్తూ ప్రార్థించాడు, తండ్రి మారాడు. సైకిలు దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు వణికేది, వినేవాళ్లు కళ్లొత్తుకోవడానికి కొంగులు అందుకునేవారు. నేను గడియారం పట్టుకుని వాక్యాలు కుదించడంలో సాయం చేశాను.

ఇంటి సందర్శనకు ఒక ఆదివారం సాయంత్రం వెళ్లాను. తండ్రి గోవిందు, తల్లి సరోజ. మిల్లు మూతపడ్డాక ఆయన పారిశ్రామికవాడలో ఒక షెడ్డుకు కాపలాదారుగా చేరాడు. మనిషి సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, మాట్లాడితే ఎక్కడ మాటలు ఖర్చయిపోతాయో అన్నట్టు కూర్చున్నాడు. సరోజ పాటల పుస్తకం బల్ల మీద ఉంది. తెలుగు కీర్తనలే, కానీ తమిళ అక్షరాల్లో చేత్తో రాసుకున్నవి. ఇక్కడ చాలామందికి తెలుగు లిపి రాదు.

నేను అడగాల్సినవి అడిగాను. కొడుకు వెళ్లడం ఇష్టమేనా, వాడి మీద ఆధారపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా, పంపే రోజున సంఘం పెద్దలతోపాటు వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించడానికి ఇద్దరూ వస్తారా. ఆ చివరి ప్రశ్నకు ఆయన తల తిప్పుకున్నాడు. సరోజ అందుకుంది. ఆయన ప్రతి ఆదివారం సంఘం గుడి దాకా వస్తాడట, కానీ సాక్ష్యాలు అయ్యేదాకా బయటే బండి దగ్గర నిలబడి, ప్రసంగం మొదలయ్యాక వచ్చి వెనక కూర్చుంటాడట. ఎన్నో ఏళ్లుగా అంతేనట.

ఎందుకని అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి అడగొచ్చామ్మా? వాడు పొయ్యే ఆ దేశంలో గూడా అది చెప్పాల్నా?"

సాక్ష్యమంటే అక్కడ తప్పకుండా అడుగుతారని చెప్పాను.

"ఈ ఊర్లో తాగినా, ఈ ఊర్లో మానేసినా. ఈడ చెప్పుకోనీ. ఆడ నేనింకా తాగలేదు కదమ్మా."

ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. దారి పొడుగునా నాకు ఆ పాస్‌పోర్టులోని పేరే గుర్తుకొచ్చింది. గోవిందు అని పిలిపించుకుంటూ గోవిందు తాగుబోతని చెప్పబోతున్నాడు వీడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

మర్నాడు డేనియల్‌ను పిలిచి, ఆ సాక్ష్యానికి తండ్రి అనుమతి తీసుకురమ్మన్నాను. అతను తెల్లబోయాడు. "అది జరిగిందే కద మేడమ్. దానివల్ల ఎంతమంది తాగుడు మానేసినారో మీకు తెల్దు" అన్నాడు. జరిగిందే అయితే అడగడానికి భయమెందుకు అన్నాను. అతను నేలచూపులు చూస్తూ, నాయనతో అట్లాంటి మాటలు మా ఇంట్లో మాట్లాడం అన్నాడు. మైకు ముందు ఎన్నోసార్లు చెప్పిన కథను ఆ కుర్రాడు వంటింట్లో తండ్రి ముందు ఒక్కసారీ ఎత్తలేదు. అడిగి వచ్చేదాకా సంతకం పెట్టనని తేల్చేశాను. ఎంపిక సంఘం కూర్చునే రోజు దగ్గర పడుతోంది. నన్ను చూస్తే పక్కకు తప్పుకుని పోవడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున, క్లాసు మొదలుకాకముందే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. షెడ్డు దగ్గర డ్యూటీ దిగే వేళకు వెళ్లి, టీ కొట్టు ముందు నాయనను అడిగాడట. ఆయన టీ పూర్తిగా తాగి, తాగింది నిజమేరా, చెప్పుకో అన్నాడట.

"అదేందంటే మేడమ్," అన్నాడు డేనియల్. "సైకిలు తాగేదానికి అమ్మలేదంట. మిల్లు మూసేసినారు కదా, అప్పుడు ఇంట్లో బియ్యం లేకపోతే అమ్మినాడంట. 'సైకిలు ఒకటి మాత్రం తీసెయ్ రా' అన్నాడు."

ఇంటికి వెళ్లి తల్లిని నిలదీశాడట. ఆమెకు ముందునుంచీ తెలుసు. "గుడి మొత్తం ఏడస్తా ఉంటే నేను లేచి కాదని ఎట్ట చెప్పేదిరా?" అందట.

చిన్నప్పుడు సైకిలు పోయింది, అదే రోజుల్లో తండ్రి తాగేవాడు. పిల్లవాడు రెంటినీ కలిపేసుకున్నాడు. తర్వాత శిబిరాల్లో కన్నీళ్లు వచ్చేది ఆ చోటే కాబట్టి అది మరింత గట్టిపడిపోయింది. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం అతనికి లేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఈ సంగతంతా ఎంపిక సంఘానికి నువ్వే చెప్పు అని సంతకం పెట్టాను.

చెప్పాడు. ఎంపిక సంఘంలో ఒక సభ్యురాలు ఆ సైకిలు కథ విని శిబిరంలో స్వయంగా ఏడ్చినావిడ. ఆవిడకు మండిపోయింది. ఇన్నేళ్లు దేవుని పేరుతో అబద్ధం చెప్పినవాణ్ని పరాయి పిల్లల మధ్యకు పంపుతారా అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అతన్ని ఎవరూ పట్టుకోలేదని, తనంతట తానే ఒప్పుకున్నాడని నేను వాదించాను. వాదన చాలాసేపు సాగింది. డేనియల్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఆ కథ ఎక్కువసార్లు ఎక్కడ చెప్పాడో అక్కడే, తన సొంత సంఘంలో, బయల్దేరే లోపు సరిదిద్దాలి. లేకపోతే ఆహ్వానం వెనక్కి పంపేస్తామన్నారు. షరతు చదివి వినిపించాక అతని ముఖం చూస్తే, ప్రయాణం రద్దయినా ఇంత బాధపడడేమో అనిపించింది.

పంపే కూటం ఒక ఆదివారం పెట్టారు. యానాం నుంచి కూడా అతిథులు వచ్చారు. గుడి చిన్నది కాబట్టి వాకిట్లో షామియానా వేసి స్పీకర్లు పెట్టారు. గోవిందు ఎప్పటిలాగే గేటు పక్కన తన మోపెడ్ దగ్గర నిలబడి ఉన్నాడు. కొడుకు ఏం చెప్పబోతున్నాడో ఆయనకు తెలియదు. సరోజ లోపలినుంచి రెండుసార్లు వచ్చి పిలిచి వెళ్లింది. పాస్టరుగారికీ షరతు సంగతి వివరంగా తెలియదు. మైకులో, మన తమ్ముడు తన ప్రశస్తమైన సాక్ష్యాన్ని చివరిసారిగా వినిపిస్తాడు అన్నారు. ముందు వరుసలో ఆడవాళ్లు అప్పుడే కొంగులు సర్దుకున్నారు.

డేనియల్ చేతిలో కాగితం లేదు. తర్జుమా కోసం నేర్పిన చిన్న వాక్యాలే వాడాడు.

"సైకిలు సంగతి మీకందరికీ తెలుసు. అది నేను తప్పుగా చెప్పినాను. మా నాయన దాన్ని తాగేదానికి అమ్మలేదు. మా ఇంట్లో బియ్యానికి అమ్మినాడు. నేను అడక్కుండానే ఇన్నేళ్లు చెప్పినాను. క్షమించండి. మిగతాది మా నాయనది. చెప్పాలంటే ఆయనే చెప్పుకుంటాడు. నేను ఇంక చెప్పను."

తర్వాత తన భయాల గురించి, రాని ఫ్రెంచి గురించి, పిళ్ళైచావడి కుర్రాళ్లు వాలీబాల్‌లో తనను ఓడించి నేర్పిన ఓపిక గురించి చెప్పి ముగించాడు. ఎవరూ ఏడవలేదు. ఎక్కడ ఏడవాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారి హల్లెలూయ కాస్త ఆలస్యంగా వచ్చింది.

నేను కిటికీలోంచి గేటు వైపు చూశాను. మోపెడ్ ఉంది, మనిషి లేడు. వెళ్లిపోయాడేమో అనుకున్నాను. ఇంతలో తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. ప్రసంగం ఇంకా మొదలుకాలేదు. ఆయన వెనక ఆగలేదు. నడవలోంచి ముందుకు వచ్చి, ఎవరూ పిలవకముందే కొడుకు పక్కన నిలబడ్డాడు. పెద్దలు లేచి చుట్టూ చేరారు. ప్రార్థన చేసింది పాస్టరుగారే. గోవిందు పెదవి కదపలేదు, కొడుకు తల మీద నుంచి చెయ్యి మాత్రం ఆమెన్ అన్నాక కూడా తీయలేదు. నా కళ్లు తడిశాయని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

భోజనాల దగ్గర ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కృతజ్ఞతల్లాంటివేమీ చెప్పలేదు. "ఆ సైకిలు కొన్నోడు గోరిమేడులో ఉండాడమ్మా. ఇప్పుడూ తొక్కతానే ఉండాడు. మంచి సైకిలు" అన్నాడు.

డేనియల్ వెళ్లాడు. కొన్ని నెలల తర్వాత అక్కడి సంఘం పంపిన నివేదికలో బ్రదర్ గోవిందు కష్టపడి పనిచేస్తున్నాడని, యువకులకు అతనంటే ఇష్టమని ఉంది. సంగతి ఫోనులో తండ్రికి చెప్పాను. ఆయన నన్ను ఆ పేరు ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

రిటైరయ్యేదాకా ఆ కేంద్రంలో నేను ఒక పద్ధతి పాటించాను. సాక్ష్యంలో బతికున్న మనిషి ఎవరైనా ఉంటే, ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఒకసారి చెప్పి వచ్చాకే అభ్యర్థికి నా సంతకం. చాలా సాక్ష్యాలు సగానికి తగ్గిపోయాయి. తర్జుమా చేసేవాళ్లకు పని తేలికైంది. శిబిరాల్లో ఏడ్చేవాళ్లు తగ్గారని ఒకరిద్దరు నా మీద ఫిర్యాదు చేశారు. వాళ్లు చెప్పింది నిజమే. ఆ పద్ధతిని మాత్రం నేను మార్చలేదు.