క్యాప్ కింద చీము

బాన్సువాడలో పన్నుకు క్యాప్ వేయించుకుని వారాలు గడిచినా నా దవడ వాపు తగ్గలేదు. ముద్ద నమలబోతే నొప్పి చెవిదాకా లాగేది. మళ్లీ వెళ్తే, నాకన్నా చిన్నవాడైన ఆ డాక్టర్ నోరు తెరిపించి చూడను కూడా లేదు.

"కొత్త క్యాప్ గదక్కా, అలవాటైతది. నువ్వే ఊకె ఫికర్ చేస్తున్నవ్," అని బయట కూర్చున్న వాళ్లకు వినబడేలా నవ్వాడు. ఒళ్లు మండిపోయింది.

జ్వరం కూడా వచ్చేసరికి మా ఆయన నన్ను నిజామాబాద్ తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, పన్ను వేరు దగ్గర చీము పట్టిందని చెప్పింది. క్యాప్ తీసి, లోపల శుభ్రం చేసి మందులిచ్చింది. వాపు మెల్లగా దిగింది.

ఆ తర్వాత నస్రుల్లాబాద్‌లో ఒక పెళ్లి భోజనాల్లో బాన్సువాడ డాక్టర్ నా ఎదురుగానే కూర్చున్నాడు.

"తగ్గిందా అక్కా? అదే పోతదని నేను చెప్పలే?" అన్నాడు.

"అదే పోలే. నువ్వు చీము మీద క్యాప్ పెట్టి మూసినవ్. ఇంకో డాక్టర్ తీసి బాగు చేసింది," అన్నాను గట్టిగా. బంతిలో అందరూ మావైపు తిరిగారు.

"పెండ్లిల గిదేం లొల్లి అక్కా," అని గొణిగాడు.

"నీ దవాఖానల అందరి ముంగట నన్ను చూసి నవ్వినప్పుడు ఏమనిపియ్యలేదా?"

అతను పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయాడు. నాకు జాలి కలగలేదు.